క్రూజ్ ఎక్కే ముందు సింగపూర్‌లో ఒక్క రోజు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో రాత్రి విమానం ఎక్కితే నాలుగు, నాలుగున్నర గంటల్లో సింగపూర్ వచ్చేస్తుంది. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి దిగేసరికి తెల్లవారుతుంది. ఓడ టికెట్ మీద సాయంత్రం ఐదు అని ఉంటుంది. లెక్కలన్నీ తప్పేది ఇక్కడే.

అపోహ: పొద్దున దిగి, ఊరు చూసి, సాయంత్రం ఓడ ఎక్కేయొచ్చు.

వాస్తవం: ఐదు అనేది ఓడ కదిలే సమయం. ప్రయాణికులను ఎక్కించుకోవడం అంతకు గంట, గంటన్నర ముందే ఆపేస్తారు. అంటే మీ గడువు మూడున్నర. సెలవుల్లో చెక్-ఇన్, స్కానింగ్, ఇమిగ్రేషన్ వరుసలకే గంట పైన పడుతుంది. ఒంటిగంటకల్లా టెర్మినల్‌లో ఉండాలి అనుకుంటే, పొద్దున విమానాశ్రయంలో పోయే సమయం తీసేశాక ఊరికి మిగిలేది మహా అయితే మూడు గంటలు. విమానం ఆలస్యమైతే అదీ లేదు, ఓడ ఎవరి కోసమూ ఆగదు. "తర్వాతి రేవులో ఎక్కుదాంలే" అనేది కూడా మన చేతుల్లో లేదు. దానికి క్రూజ్ కంపెనీ అనుమతి కావాలి, ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతా ఉండాలి. అందుకే ఓడ ఎక్కే ముందురోజు పొద్దున దిగండి. ఊరు చూసే రోజు అదే. ఓడ ఎక్కే రోజును చూడాల్సినవాటి జాబితాలోంచి కొట్టేయండి.

అపోహ: టాక్సీ డ్రైవర్‌కు "మెరీనా బే" అంటే చాలు.

వాస్తవం: పెద్ద ఓడలు ఆగే చోట్లు రెండు. ఒకటి మెరీనా బే క్రూజ్ సెంటర్, రెండోది హార్బర్‌ఫ్రంట్‌లో ఉన్న సింగపూర్ క్రూజ్ సెంటర్. మీది ఏదో బోర్డింగ్ పాస్ మీద ఉంటుంది, చూసుకోండి. మొదటిదాని దగ్గర అసలు చిక్కు పేర్లతోనే. మెరీనా బే పేరుతో ఒక ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్ ఉంది, అక్కడ దిగితే క్రూజ్ సెంటర్ ఉండదు. మెరీనా బే శాండ్స్ హోటల్‌కు వెళ్లే స్టేషన్ బేఫ్రంట్. క్రూజ్ సెంటర్‌కు దగ్గరి స్టేషన్ నార్త్ సౌత్ లైన్ చివర ఉన్న మెరీనా సౌత్ పియర్. అదే పేరుతో పక్కనే ఇంకో రేవు భవనం ఉంది, చిన్న దీవులకు వెళ్లే పడవలు అక్కడి నుంచి కదులుతాయి. పెట్టెలతో ఆ భవనంలోకి వెళ్లి తిరిగొచ్చేవాళ్లు తక్కువేం కాదు. టాక్సీలో చిరునామా చూపించండి: 61, మెరీనా కోస్టల్ డ్రైవ్. పడవల రేవుది 31.

బస లిటిల్ ఇండియాలోనో ఫారర్ పార్క్‌లోనో అయితే నార్త్ ఈస్ట్ లైన్‌లో రైలు మారకుండా హార్బర్‌ఫ్రంట్‌లో దిగొచ్చు. మెరీనా సౌత్ పియర్‌కైతే డోబీ ఘాట్‌లో ఒక్కసారి మారాలి. ఇడ్లీ దోసెలకూ లోటుండదు, అది వేరే సంగతి.

అపోహ: ఒక్క రోజులో యూనివర్సల్ స్టూడియోస్, జూ, మెరీనా బే అన్నీ అయిపోతాయి.

వాస్తవం: యూనివర్సల్ ఒక్కదానికే పూర్తి రోజు కావాలి. జూ ఊరికి ఉత్తరాన ఎక్కడో ఉంది. వాటిని మరో ప్రయాణానికి ఉంచుకుని, రోజును ఎండను బట్టి మూడు ముక్కలు చేసుకోండి.

హోటల్ గది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ ఇవ్వరు. పెట్టెలు రిసెప్షన్‌లో పెట్టి బయల్దేరండి. ముందు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. ముస్తఫా షాపింగ్ సెంటర్ దగ్గర్లోనే ఉంది కానీ ఇప్పుడు లోపలికి వెళ్లకండి, వెళ్తే మధ్యాహ్నం దాకా బయటికి రారు. ఎండ ముదిరాక గార్డెన్స్ బై ద బేలో ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్. రెండూ చల్లటి అద్దాల మందిరాలు, రెంటికీ కలిపి రెండున్నర గంటలు చాలు. మరమ్మతుల కోసం ఒక్కోదాన్ని కొన్ని రోజులు మూస్తుంటారు, టికెట్ కొనేముందు తేదీ చూసుకోండి. నాలుగున్నర, ఐదుకు రాఫిల్స్ ప్లేస్ స్టేషన్‌లో దిగి మెర్‌లయన్, అంటే సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం. దాని ఎత్తు 8.6 మీటర్లే, ఫొటోల్లో చూసి కొండంత ఊహించుకోవద్దు. అక్కడి నుంచి నీటి ఒడ్డునే జూబిలీ బ్రిడ్జి, హీలిక్స్ బ్రిడ్జి మీదుగా తిరిగి గార్డెన్స్‌కు నడవండి. అక్కడ చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన సూపర్‌ట్రీల కింద లైట్ షో 7:45కు ఒకటి, 8:45కు ఒకటి. పావుగంట ఉంటుంది, ఉచితం. మొదటిది చూసి బయటపడితే తొమ్మిదిలోపు గదిలో ఉంటారు.

రైళ్లకు విడిగా కార్డు కొనక్కర్లేదు, వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు గేటు దగ్గర నేరుగా తాకిస్తే చాలు. అయితే బయల్దేరేముందు మీ బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయాలి. మనిషికొక కార్డు ఉండాలి. లోపలికి ఫోన్ తాకించి, బయటికి వచ్చేటప్పుడు కార్డు తాకిస్తే యంత్రం వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది. విదేశీ కార్డుకు రోజుకు 0.60 సింగపూర్ డాలర్లు అదనంగా పడతాయి.

అపోహ: సింగపూర్‌లోకి ఒకసారి వచ్చేశాం, కాగితాల పని అయిపోయినట్టే.

వాస్తవం: ఓడ పెనాంగ్‌కో ఫుకెట్‌కో వెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తే మీరు దేశంలోకి వచ్చేది రెండుసార్లు. వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. దేశంలోకి వచ్చేముందు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎస్‌జీ అరైవల్ కార్డు కూడా రెండుసార్లు నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే దాన్ని తీసుకుంటారు. కాబట్టి నాలుగు రాత్రుల క్రూజ్‌కు ఓడ ఎక్కేముందే నింపేద్దామంటే కుదరదు. మధ్యలో రేవుకు చేరినప్పుడు ఫోన్ సిగ్నల్ దొరగ్గానే ఆ పని చూసుకోండి. ప్రభుత్వ సైట్‌లో ఇది ఉచితం, డబ్బులడిగే సైట్ కనిపిస్తే మూసేయండి.

అపోహ: పెట్టె టెర్మినల్‌లో ఇచ్చేస్తే గదిలో ఉంటుంది.

వాస్తవం: వస్తుంది, కానీ ఒక్కోసారి రాత్రి భోజనాల వేళకు. ట్యాగ్ కట్టి ఇచ్చాక మధ్యలో తెరవడం కుదరదు. పాస్‌పోర్టు అందులో పెట్టి ఇచ్చేస్తే చెక్-ఇన్ దగ్గరే ఆగిపోతారు. పాస్‌పోర్టు, మందులు, ఛార్జర్, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ మాత్రం ఓడలోకి రానివ్వరు.

అపోహ: ఇంటి నుంచి మసాలాలు, గుట్కా పొట్లాలు తెచ్చుకుంటే ఏమవుతుంది?

వాస్తవం: గసగసాలు సింగపూర్‌లో నిషిద్ధ వస్తువు. మసాలా పొడిలో కలిసి ఉన్నా తంటాయే, ఇంట్లోనే వదిలేయండి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్లు కూడా అంతే. చూయింగ్ గమ్ కూడా తేకండి.

అపోహ: ముస్తఫాలో కొన్నవాటికి క్రూజ్ టెర్మినల్‌లో జీఎస్‌టీ వెనక్కి తీసుకోవచ్చు.

వాస్తవం: తిరిగి సింగపూర్‌కే వచ్చే క్రూజ్‌లకు ఆ సౌకర్యం లేదు. చివర్లో ఇండియా విమానం ఎక్కేటప్పుడు ఛాంగీ విమానాశ్రయంలో అడగాలి, సరుకు చూపించమంటే చూపించాలి. అందుకే ఆ కొనుగోళ్లు ఓడ దిగాక పెట్టుకోండి. ఓడ గదిలో అల్మారా చిన్నది.