వినికిడి తగ్గిన భాగస్వామికి టీవీ హెడ్‌ఫోన్లు: అపోహలు - వాస్తవాలు

వినికిడి పరీక్షకు వచ్చే పెద్దవయసు దంపతుల్లో తొలి ఫిర్యాదు చాలాసార్లు వినికిడి తగ్గినవారి నుంచి కాక, వారి పక్కన కూర్చున్నవారి నుంచి వస్తుంది. ఈమధ్య ఒకావిడ కుర్చీలో సర్దుకోకముందే, "సౌండు నలభై అయిదు మీద పెడతారండీ. వంటింట్లో తలుపేసుకున్నా వార్తలన్నీ నాకే వినపడతాయి" అన్నారు. ఆయన వెంటనే, "వినపడుతుందండీ, మాటే తెలియదు" అన్నారు. ఇద్దరూ చెప్పినది నిజమే. ఏడాదిగా ఆవిడ హాల్లో కూర్చోవడమే మానేశారని తర్వాత మాటల్లో తెలిసింది. అందుకే టీవీ హెడ్‌ఫోన్లు ఎలాంటివి కొనాలని ఎవరు అడిగినా నేను రెండు విషయాలు చూస్తాను: ఒకరి చెవికి మాట స్పష్టంగా అందాలి, ఇద్దరూ ఒకే గదిలో హాయిగా కూర్చోగలగాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటి మరిచిపోయి కొన్న హెడ్‌ఫోన్లు నెల తిరక్కుండానే అలమారలోకి చేరుతున్నాయి.

అపోహ: శబ్దం గట్టిగా చేరవేయడమే హెడ్‌ఫోన్ల పని.

వాస్తవం: వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా హెచ్చు పౌనఃపున్యాల దగ్గర, అంటే 2000 హెర్ట్జ్‌కు పైనుండే సన్నని కీచు స్వరాల దగ్గర, ముందుగా మొదలవుతుంది. అచ్చుల బలం దానికి దిగువన ఉంటుంది కనుక అవి చాలాకాలం బాగానే వినపడతాయి; స, శ, త, క, ప వంటి హల్లులను వేరుచేసి చూపే సన్నని ధ్వనులే జారిపోతాయి. మన భాషలో మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. కాబట్టి మాట మొదలైందని, ముగిసిందని తెలుస్తూనే ఉంటుంది. అది ఏ మాటో మాత్రం తెలియదు. నేను నోటికి అడ్డంగా కాగితం పెట్టుకొని పప్పు, తప్పు, కప్పు అని మామూలు గొంతుతో పలికి, విన్నది చెప్పమంటాను. పైన చెప్పిన పెద్దాయన మూడింటినీ "పప్పు" అనే చెప్పారు. ఆవిడ ఆశ్చర్యపోయి, "నేను కప్పు ఇమ్మంటే పప్పు గిన్నె తెచ్చేది ఇందుకా!" అన్నారు. అప్పటిదాకా అది ఆయన పరధ్యానమని అనుకున్నారు.

ఇలాంటి చెవికి శబ్దం పెంచుతూ పోతే కొంతదూరం వరకే మేలు జరుగుతుంది. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం వినపడదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు వారికంటే త్వరగా భరించరానిది అవుతుంది. ఆ రెండింటి మధ్య వాడుకోగల పరిధి ఇరుకైపోతుంది. హెడ్‌ఫోన్లు చేసే అసలు మేలు వేరే ఉంది. టీవీ నుంచి మూడు మీటర్ల అవతల కూర్చున్న చెవికి మాటతోపాటు ఫ్యాను హోరు, వంటింటి చప్పుడు, టైల్సు నేల మీదా ఖాళీ గోడల మీదా తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వని కలిసి చేరతాయి. పలుచటి టీవీలకు స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో తిరిగి ఉండటం వల్ల ఆ కలగాపులగం ఇంకా పెరుగుతుంది. హెడ్‌ఫోన్లు ఆ దూరాన్ని తీసేసి మాటను సరాసరి చెవి దగ్గరకు తెస్తాయి. హెచ్చు పౌనఃపున్యాలను మాత్రమే పెంచుకొనే ఏర్పాటు, కుడి ఎడమలను విడివిడిగా సర్దుకొనే బ్యాలెన్స్ ఉన్న మోడల్ దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే రెండు చెవులూ ఒకేలా ఉండటం అరుదు.

అపోహ: ఇంట్లో ఉన్న బ్లూటూత్ హెడ్‌సెట్టే టీవీకి సరిపోతుంది.

వాస్తవం: పాటలకు సరిపోతుంది, మాటలకు చాలాసార్లు సరిపోదు. సాధారణ బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం తరచుగా కనిపిస్తుంది. శబ్దం బొమ్మకంటే సుమారు 125 మిల్లీసెకన్లు వెనకబడితే ప్రేక్షకులు గుర్తుపట్టగలరని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తన ప్రసార సిఫార్సుల్లో పేర్కొంది. వినికిడి తగ్గినవారికి ఈ తేడా ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే వారు తమకు తెలియకుండానే పెదవుల కదలికను చూసి జారిపోయిన హల్లులను పూరించుకుంటూ ఉంటారు. పెదవులు ఒకటి చెబుతూ చెవి మరొకటి వింటుంటే ఆ ఆసరా కూడా పోతుంది. పైగా టీవీ స్పీకరు కూడా మోగుతున్నప్పుడు, ముందు స్పీకరు మాట, దాని వెనకే హెడ్‌ఫోన్ మాట చేరి ప్రతిధ్వనిలా వినిపిస్తుంది.

కాబట్టి టీవీ దగ్గర ఉంచే ట్రాన్స్‌మిటర్ పెట్టెతో కలిపి అమ్మే సెట్లను, అంటే సొంత రేడియో తరంగాలతో నడిచేవాటినో, తక్కువ ఆలస్యం ఉండే బ్లూటూత్ కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) పెట్టెలోనూ హెడ్‌ఫోన్‌లోనూ రెండింటా ఉన్నవాటినో ముందుగా పరిశీలించమంటాను. పరారుణ కాంతితో పనిచేసే సెట్లలో ఆలస్యం దాదాపు ఉండదు. అయితే పెట్టెకూ తలకూ మధ్య ఎవరైనా అడ్డువస్తే శబ్దం తెగిపోతుంది, కిటికీలోంచి ఎండ నేరుగా పడే హాల్లో గరగరలు వస్తాయి. కొనేముందు పరీక్షించేటప్పుడు డబ్బింగ్ సీరియల్ మాత్రం పెట్టకండి. అందులో పెదవులకూ మాటకూ ఎప్పుడూ పొంతన ఉండదు కనుక తప్పు హెడ్‌ఫోన్‌దో డబ్బింగ్‌దో తేలదు.

విదేశాల్లో ఉన్న పిల్లలు ప్రేమగా తెచ్చే సెట్ల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అమెరికాలో అమ్మే కొన్ని హెడ్‌ఫోన్లు 900 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. అక్కడ అది లైసెన్సు అక్కర్లేని శ్రేణి; మన దేశంలో ఆ శ్రేణిలో కొంత భాగం మొబైల్ సేవలకు కేటాయించినది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఈ చిక్కు లేదు. అడాప్టరు మీద 100-240 వోల్టులు అని రాసి ఉందో లేదో కూడా తప్పక చూడాలి. 120 మాత్రమే ఉన్నదాన్ని మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

అపోహ: ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే రెండోవారికి టీవీ మూగబోతుంది.

వాస్తవం: అది హెడ్‌ఫోన్ల లోపం కాదు, తీగ ఎక్కడ పెట్టామన్నదాని ఫలితం. చాలా టీవీల్లో 3.5 ఎం.ఎం. రంధ్రంలో పిన్ను పెట్టగానే స్పీకర్లు ఆగిపోతాయి. బ్లూటూత్ కలిపినప్పుడు కూడా ఎన్నో మోడళ్లలో ఇదే జరుగుతుంది. టీవీ వెనక ఆప్టికల్ అనే చిన్న చదరపు సాకెట్ ఉంటే ట్రాన్స్‌మిటర్‌ను అక్కడ కలపండి. సాధారణంగా స్పీకర్లు మోగుతూనే ఉంటాయి, పైగా రిమోట్‌తో టీవీ శబ్దం తగ్గించినా హెడ్‌ఫోన్ శబ్దం తగ్గదు. ఆవిడ శబ్దం ఆవిడది, ఆయన శబ్దం ఆయనది. ఆప్టికల్ కలిపాక ఏమీ వినిపించకపోతే పరికరం పాడైందని తిరిగి ఇచ్చేయకుండా, టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియోను పీసీఎంకు, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి, మార్చి చూడండి. చాలా ఇళ్లలో అంతటితో సరిపోతుంది. సెట్‌టాప్ బాక్సు ఆడియో సాకెట్‌కు కలిపినా పని జరుగుతుంది కానీ, టీవీలోనే నడిచే యూట్యూబ్ వంటివాటి శబ్దం అందులో రాదు.

అపోహ: హెడ్‌ఫోన్లు ఉంటే చెవి మిషన్ అక్కర్లేదు.

వాస్తవం: హెడ్‌ఫోన్లు టీవీని మాత్రమే వినిపిస్తాయి, భార్య పిలుపు, కాలింగ్ బెల్లు, వీధిలో వెనక నుంచి వచ్చే బండి హారను వినిపించవు. చెవి మిషన్ ఇప్పటికే వాడుతున్నవారు హెడ్‌ఫోన్ కొనేముందు ఆ మిషన్ కంపెనీ టీవీ స్ట్రీమర్ ఉందేమో అడగాలి. అది శబ్దాన్ని సరాసరి మిషన్‌లోకి, వారి ఆడియోగ్రామ్‌కు (వినికిడి పరీక్షలో వచ్చే పటానికి) తగినట్టు సరిదిద్ది పంపుతుంది. అయితే ఒక కంపెనీ స్ట్రీమర్ మామూలుగా మరో కంపెనీ మిషన్‌తో పనిచేయదు. మిషన్‌లో టెలికాయిల్ (అయస్కాంత క్షేత్రం ద్వారా శబ్దాన్ని అందుకొనే చిన్న తీగచుట్ట) ఉంటే మెడలో వేసుకొనే లూప్ మరో మార్గం. మిషన్ మీదుగానే హెడ్‌ఫోన్ పెట్టుకోదలిస్తే కప్పులు చెవిని పూర్తిగా కప్పేంత పెద్దవిగా, లోతుగా ఉండాలి. అంగడిలోనే పెట్టి తల అటూ ఇటూ తిప్పి చూడండి. కీచుమనే ఈల వస్తే అది పనికిరాదు.

ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్ల గురించి ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. అవి బయటి చెవినీ మధ్య చెవినీ దాటించి శబ్దాన్ని లోపలికి పంపుతాయి. వయసుతో దెబ్బతినేది ప్రధానంగా లోపలి చెవే కాబట్టి అక్కడ వాటితో ప్రత్యేక లాభం లేదు. నాయిస్ క్యాన్సిలింగ్ ఫ్యాను హోరును తగ్గిస్తుంది. సినిమాలో మాటను మింగేసే నేపథ్య సంగీతాన్ని తగ్గించలేదు.

హెడ్‌ఫోన్ పెడితే ఉన్న వినికిడీ పోతుందన్న భయానికి సమాధానం మోతాదులో ఉంది. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ప్రమాణం చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకూ ఆ సమయం సగమవుతుంది. లోపం తీవ్రంగా ఉన్నవారు శబ్దం ఎంతవరకు పెట్టుకోవాలో ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ణి) అడిగి తెలుసుకోవాలి. వినికిడి హఠాత్తుగా తగ్గినా, ఒక చెవికే తగ్గినా, చీము కారుతున్నా హెడ్‌ఫోన్ల ఆలోచన పక్కనపెట్టి వెంటనే ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలవండి. గులిమి గట్టిపడి అడ్డుపడినవారికి అది తీయించగానే టీవీ శబ్దం దానంతటదే తగ్గిన సందర్భాలు కూడా చూశాను.

కొన్నాక మొదటి వారం వార్తలు మాత్రమే చూడమని చెబుతాను. చదివేవారి ముఖం ఎదురుగా ఉంటుంది, ఒక్కరే మాట్లాడతారు, చర్చా కార్యక్రమాల్లోలా నలుగురు ఒకేసారి అరవరు. పక్కన కూర్చున్నవారు స్పీకరు శబ్దాన్ని తమకు నచ్చినంతే పెట్టుకోవాలి. ఏదైనా చెప్పాలంటే గదిలోంచి కేకేయకుండా భుజం తట్టి, హెడ్‌ఫోన్ కప్పు చెవి పక్కకు జరిపాక చెప్పాలి. సినిమా రెండో వారంలో పెట్టుకోవచ్చు.