పట్టికలో ఇమడని పిల్లలు: శిశు వికాసంపై కాబోయే టీచర్ల అపోహలు - వాస్తవాలు

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో శిశు వికాసం, అభ్యసనం బోధిస్తాను. మా దగ్గర చేరే ఛాత్రోపాధ్యాయుల్లో చాలామంది చేతిలో మొదటి రోజుకే టెట్ గైడు ఉంటుంది. అందులో పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన మనస్తత్వవేత్త పియాజే దశల పట్టిక ఉంటుంది. 0-2 ఇంద్రియ చాలక దశ, 2-7 పూర్వ ప్రచాలక దశ, 7-11 మూర్త ప్రచాలక దశ, ఆపైన అమూర్త ప్రచాలక దశ. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు. పరీక్షకు అది చాలు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి మూడో తరగతి గదిలో నిలబడ్డాకే చిక్కు మొదలవుతుంది. ఎదురుగా ఉన్న పిల్లలు పట్టిక చదువుకుని రారు కదా. ఆ గదిలో టీచరుకు దశల పేర్ల కంటే పిల్లల తప్పు జవాబులే ఎక్కువ పనికొస్తాయని నేను ఏటా వాదిస్తుంటాను. ఆ వాదన ఎవరితో, దేని మీద జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వయసు వస్తే దశ వస్తుంది. అంతవరకు ఎంత చెప్పినా ఎక్కదు.

పియాజే ఈ మాట అనలేదు. దశల వరుస మారదన్నాడు గానీ, వయసులు సుమారైనవేనని, పరిసరాలను బట్టి ముందు వెనుకలవుతాయని ఆయనే ఒప్పుకున్నాడు. అసలు ఆయన ఈ రంగంలోకి వచ్చిన తీరు గైడులో రాయరు. ఆయన నత్తల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్న స్విట్జర్లాండ్ యువకుడు. 1920 ప్రాంతంలో పారిస్‌లో, బినేతో కలిసి తెలివితేటల పరీక్ష తయారుచేసిన సైమన్ దగ్గర పనికి కుదిరాడు. పిల్లలకు ప్రశ్నలిచ్చి ఒప్పులు లెక్కపెట్టడం ఆ పని. ఆయన దృష్టి తప్పుల మీద పడింది. ఇంచుమించు ఒకే వయసు పిల్లలు ఒకే రకం తప్పులు ఎందుకు చేస్తున్నారన్న ప్రశ్న ఆయనను 1980లో చనిపోయేదాకా వదల్లేదు. మనం మాత్రం ఆ తప్పులన్నీ పక్కన పెట్టి, వయసుల అంకెలను గైడుకెక్కించుకున్నాం.

టెట్‌లో తరచూ అడిగే ‘పదిలపరచుకునే భావన’నే, అంటే అమరిక మారినా పరిమాణం మారదన్న ఎరుకనే, తీసుకోండి. బడి వరండాలో ఐదేళ్ల పాప ముందు చింతగింజలు ఆరేసి చొప్పున రెండు వరుసలు, ఎదురెదురుగా పేర్చండి. రెండూ సమానమేనా అంటే అవునంటుంది. ఒక వరుసలోని గింజలను దూరం దూరంగా జరిపి మళ్లీ అడగండి. జరిపిన వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటుంది. మా ఛాత్రోపాధ్యాయులు వెంటనే రికార్డులో ‘భావన ఏర్పడలేదు’ అని రాసి పుస్తకం మూసేస్తారు. మూయకుండా ‘ఎందుకమ్మా?’ అని ఒక్క మాట అడిగి చూడండి. ఒక పాప వరుస చివరి గింజ మీద వేలు పెట్టి, ‘ఇది ఇక్కడిదాకా వచ్చింది కదా!’ అంటుంది. పక్కనున్న పిల్లవాడు గింజలను చూడనే చూడడు, మీ ముఖం చూస్తాడు. ఒకసారి చెప్పిన జవాబునే మళ్లీ అడిగారంటే మొదటిది తప్పయి ఉంటుందని మార్చేస్తాడు. జవాబు ఒకటే. ఆ పాప పొడవును చూసి చెప్పింది, పిల్లవాడు పెద్దవాళ్ల మనసులో ఏముందో ఊహించి చెప్పాడు. ఇద్దరికీ ఒకే రకం సాయం పనికిరాదు.

ఈ రెండో సంగతిని 1970లలో ఎడిన్‌బరోలో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ పట్టుకున్నారు. పెద్దవాళ్లు కావాలని వరుసను జరిపినప్పుడు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఎక్కువమంది పియాజే చెప్పినట్టే పొరబడ్డారు. అదే వరుసను ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడించి అడిగితే, ‘సమానమే’ అన్నవారి సంఖ్య బాగా పెరిగింది. దీనితో పియాజే మొత్తం కొట్టుకుపోయాడని కాదు. మనం అడిగే తీరు కూడా పిల్లల జవాబులో భాగమేనని తేలింది.

ఇక ఆ వయసు దాకా ఆగాలా? అక్కర్లేదు. గింజకు గింజ జత కలపమనండి, వరుసను తిరిగి దగ్గరికి జరపమనండి. ఈ రోజు సాయంతో చేసినదాన్ని రేపు సొంతంగా చేస్తారన్నదే సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం సారాంశం. పియాజే పుట్టిన 1896లోనే పుట్టి 37 ఏళ్లకే క్షయతో పోయిన ఆయన్ని మన గైడులు ఒక మార్కు ప్రశ్నకు కుదించేశాయి.

అపోహ: తెలివి పుట్టుకతో వస్తుంది. లెక్క రానివాడికి ఎంత చెప్పినా రాదు.

వంశపారంపర్యానికి పాత్ర లేదని నేననను. ఉంది. కానీ స్టాఫ్‌రూములో ఈ మాట శాస్త్రంగా వినిపించదు, చేతులు దులుపుకోవడంగా వినిపిస్తుంది. 1905లో తొలి తెలివితేటల పరీక్షను బినే, సైమన్ తయారుచేసిందే అదనపు సాయం కావాల్సిన పిల్లలను గుర్తించడానికి. తెలివి పెరగని పరిమాణమని తీర్మానించేవాళ్లను 1909లో బినే స్వయంగా గట్టిగా ఖండించాడు.

లెక్కల విషయంలో నేను తరగతిలో తప్పకుండా చెప్పేది బ్రెజిల్‌లోని రెసీఫె నగరం సంగతి. 1985లో అచ్చయిన ఆ పరిశోధనలో వీధుల్లో సరుకు అమ్మే 9 నుంచి 15 ఏళ్ల పిల్లలను కొనుగోలుదారుల్లా వెళ్లి లెక్కలు అడిగారు. ఒక్కో కొబ్బరికాయ 35 క్రుజేరోలు, పది కావాలి, ఎంత? ఒక కుర్రాడు మూడు కాయలకు 105 అన్నాడు, దానికి మరో మూడు కలిపాడు, ఇంకో మూడు కలిపి 315 చేసి, మిగిలిన ఒక్కటీ చేర్చి 350 అన్నాడు. పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టాలన్న బడి సూత్రం అతను వాడలేదు. బజారులో ఆ పిల్లల జవాబులు నూటికి 98 సరిపోయాయి. అవే లెక్కలను తర్వాత అంకెలుగా రాసి ఇస్తే నూటికి 37 దగ్గర ఆగిపోయారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద జరిగి 2025లో వెలువడిన పెద్ద అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. అందులో మరో సంగతి కూడా ఉంది. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు.

వారపు సంతలో అమ్మ పక్కన కూర్చుని పావుకిలో పచ్చిమిర్చికి చిల్లర తిరిగిచ్చే పిల్ల, సోమవారం బడిలో తీసివేత దగ్గర కూలబడితే ఆమెకు లెక్క రాదని ఎలా అంటాం? నోటిలెక్కకూ నోటుపుస్తకంలోని లెక్కకూ మధ్య దారి ఎవరూ వేయలేదు, అంతే. ఆ దారి వేయడానికే టీచరుకు జీతం.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా?

మా విద్యార్థులు అత్యంత నమ్మకంగా చెప్పే సామెత ఇదే. మొదటి ఐదేళ్లలో మెదడు ఎంత పెరగాలో అంతా పెరిగిపోతుంది, తర్వాత చేయగలిగింది లేదు అంటారు. ఆరేళ్లకు మెదడు పరిమాణం పెద్దవారి మెదడులో సుమారు 90 శాతానికి చేరుతుందన్నది నిజమే. పరిమాణం పెరగడం వేరు, వికాసం పూర్తికావడం వేరు. ఈ తేడాను మొదటి యూనిట్‌లోనే చదివి, రెండో యూనిట్‌కు మరిచిపోతారు.

తొలి ఏళ్లకు ప్రత్యేకమైన విలువ ఉంది. రుమేనియాలో అనాథ శరణాలయాల్లో పెరిగిన పసిపిల్లల మీద జరిగిన అధ్యయనాలు దాన్ని బాధాకరంగా రుజువు చేశాయి. రెండేళ్లలోపు కుటుంబాల్లోకి మారినవారు ఆలస్యంగా మారినవారి కంటే బాగా కోలుకున్నారు. అలాగని ఆలస్యంగా మారినవారికి మేలేమీ జరగలేదని కాదు. పరిశోధకులు ఎక్కువగా ‘సున్నిత దశ’ అనే అంటారు. తలుపు కాస్త బరువెక్కుతుంది, తాళం పడదు.

దీనికి మన దగ్గరే సాక్ష్యం ఉండగా రుమేనియా దాకా వెళ్లనక్కర్లేదు. 1990లలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ పొలాల్లో, పశువుల వెంట పనిచేసే పిల్లలను బ్రిడ్జి శిబిరాల్లో చేర్చింది. పది, పన్నెండేళ్ల వయసుకు అక్షరం ముక్క రాని పిల్లలు శిబిరంలో చదువుకుని తమ ఈడు పిల్లల తరగతుల్లో చేరారు. విద్యా హక్కు చట్టం, 2009లోని 4వ సెక్షన్ చెప్పేదీ ఇదే. బడి ముఖం చూడని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే అక్షరాలు వచ్చేలోపు సిగ్గు వస్తుంది, మర్నాటి నుంచి బడికి రాడు.

అపోహ: కౌమారమంటేనే తుఫాను. హార్మోన్ల వయసు, అణచి ఉంచాల్సిందే.

‘ఒత్తిడి, సంచలనం’ అన్న ముద్ర 1904లో అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ వేసింది. తల్లిదండ్రులతో గొడవలు, మూడ్ మార్పులు, దుడుకు పనులు ఆ ఈడులో కాస్త ఎక్కువేనని తర్వాతి పరిశోధనలు కూడా అన్నాయి. అయితే అందరిలోనూ కాదు, అన్ని సమాజాల్లో ఒకేలానూ కాదు. తొమ్మిదో తరగతి గదిలో కాసేపు కూర్చుని చూడండి, సగం మంది బుద్ధిగా రాసుకుంటూ కనిపిస్తారు. మన కళ్లు మాత్రం వెనక బెంచీ మీదే ఉంటాయి.

మెదడులో ముందుచూపు, నిగ్రహం చూసుకునే ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా పరిపక్వమవుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకుని ‘వీళ్లకు ఆలోచించే శక్తే లేదు’ అనేవాళ్లున్నారు. తప్పు. ప్రశాంతంగా కూర్చోబెట్టి అడిగితే పదహారేళ్లవాళ్లు పెద్దలతో సమానంగానే తర్కిస్తారు. తోటివారు చూస్తున్నప్పుడే లెక్క మారుతుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 13-16 ఏళ్లవారిని, కాలేజీ ఈడువారిని, 24 దాటినవారిని కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు తేడా పెద్దగా లేదు. పక్కన స్నేహితులుంటే చిన్నవారు ఎక్కువ ప్రమాదాలకు తెగించారు, 24 దాటినవారిలో ఆ మార్పు రాలేదు. అందువల్ల మీకు నేనిచ్చే సలహా ఒకటే. ఎనిమిదో తరగతి కుర్రాడిని నలభై మంది ముందు నిలదీయకండి. అక్కడ అతను మీకు జవాబు చెప్పడు, ఆ నలభై మందికి చెబుతాడు. గంట కొట్టాక వరండాలో పక్కకు పిలిచి అదే మాట అడగండి.

నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు, నాకు కోపం వచ్చేది అక్కడే. యౌవనారంభంలో నిద్రవేళను శరీరానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే పిల్లలకు త్వరగా నిద్ర పట్టదు. ఇది బద్ధకం కాదు, శరీర ధర్మం. 13-18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. అమెరికా శిశు వైద్యుల సంఘం 2014లో ఈ ఈడువారి బడులు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని కోరింది. మన దగ్గర రెసిడెన్షియల్ కాలేజీల్లో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదుకు మళ్లీ స్టడీ అవర్. మొదటి పీరియడ్‌లో తూలుతున్న పిల్లవాడి మీద సుద్దముక్క విసిరే ముందు ఆ గంటలు కూడి చూడండి.

మరికొన్ని, క్లుప్తంగా

‘కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ఎవరి శైలిలో వారికి చెప్పాలి.’ శిక్షణ తరగతుల్లో ఇంకా చెబుతున్నారు. ఇలా శైలి కుదిర్చి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే ఒక సమగ్ర సమీక్ష తేల్చింది. పాఠమే పద్ధతిని అడుగుతుంది. పటం లేకుండా నదుల పాఠం ఎవరికీ అర్థం కాదు, పద్యం రాగం వినకుండా ఎవరికీ ఒంటపట్టదు.

‘ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు త్వరగా వస్తుంది.’ రాదు. రెండు భాషలు బుర్రను గందరగోళపరుస్తాయన్న పాత నమ్మకాన్ని 1962లోనే మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అధ్యయనం కదిలించింది. ఇంటి భాష గట్టిగా ఉంటే రెండోది నిలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి సవర, కోయ, గోండి వంటి భాషల్లో ప్రాథమిక తరగతులు నడిపిందీ ఈ ఆలోచనతోనే. మన్యంలో పోస్టింగ్ వచ్చినవారికి తెలుగే పిల్లల రెండో భాష అని గుర్తుంటే చాలు.

‘ఎడమచేయి మాన్పించాలి.’ వద్దు. అందులో మాన్పించాల్సిందేమీ లేదు.

‘దెబ్బకు దెయ్యం దిగుతుంది.’ 2016లో గెర్షాఫ్ బృందం 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలున్న అధ్యయనాలను క్రోడీకరించింది. తల్లిదండ్రుల దెబ్బలకూ పిల్లల దుడుకుతనం, మానసిక ఇబ్బందులకూ సంబంధం కనిపించింది, మంచి మార్పు మాత్రం కనిపించలేదు. బడిలోనైతే చర్చే లేదు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ‘మొద్దు’ అని పిలవడం రెండోదాని కిందికే వస్తుంది.

చివరగా కేస్ స్టడీ రికార్డు. ఇంటర్న్‌షిప్‌లో ప్రతి ఒక్కరూ ఒక పిల్లను ఎంచుకుని రాస్తారు. ‘మందకొడి విద్యార్థి, ఏకాగ్రత లేదు, తల్లిదండ్రులు నిరక్షరాస్యులు’ అని మూడు ముక్కలు రాసి తెచ్చిన పేజీలకు నేను సంతకం పెట్టను. తేదీ వేయండి. ఆ రోజు ఇచ్చిన పని రాయండి. పిల్ల అన్న మాటను అన్నట్టే, కొటేషన్లలో, సవరించకుండా రాయండి. మీరేం అడిగారో కూడా రాయండి, ఎందుకంటే సగం సందర్భాల్లో చిక్కు అక్కడే ఉంటుంది. ‘52లోంచి 38 తీసేసి 26 అంది. ఎలా అంటే, చిన్నది పెద్దదాంట్లోంచే కదా తీసేది, 8లోంచి 2 తీశానంది’ అని రాసి తెచ్చిన అమ్మాయి రికార్డులో దశ పేరు ఎక్కడా లేదు. మర్నాడు పుల్లల కట్టలతో ఏం చేయాలో మాత్రం ఆమెకు తెలుసు.