కోతి పళ్ళకు గార పట్టేది ఎందుకు? అరటిపండు అపోహ

"అడవిలో కోతులు తినేవి పండ్లే కదా సార్, మరి అరటిపండు ఎందుకు వద్దంటారు?" జూలో వైద్యం చేసే మాకు ఈ ప్రశ్న తప్పదు. సందర్శకులే కాదు, కొత్తగా చేరిన కీపర్లూ ఇదే అడుగుతారు. బోనులో ఉన్న కోతుల నోళ్ళు ఎక్కువగా పాడయ్యేది ఈ నమ్మకం వల్లే.

అడవిలో పండు వేరు, బజారులో పండు వేరు. మేడిపండు విప్పి చూడండి, నిండా గింజలూ పీచే. అడవి అరటిలోనూ గట్టి గింజలుంటాయి. మనం పండించే అరటికి గింజ లేదు, పీచు తక్కువ, 100 గ్రాముల్లో దాదాపు 12 గ్రాముల చక్కెర. మెత్తగా పంటికి అతుక్కుంటుంది. ఆ చక్కెరతో పాచిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి ఆ పాచి గట్టిపడితే అదే గార. ఇంగ్లండ్‌లోని పెయింటన్ జూ కోతులకు అరటిపండ్లు ఆపేసి తిండిలో కూరగాయలు ఎక్కువ చేసిందని 2014లో వార్తలొచ్చాయి. మాత్ర మింగించాల్సి వస్తేనే అరటిపండు.

పండు తీసేస్తే తిండి మానేస్తాయని కీపర్లు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. మా దగ్గర ఒక ముసలి సింహపుతోక కోతి మొదట్లో క్యారెట్ ఇస్తే విసిరికొట్టేది. దాని కీపర్ బోను జాలీ దగ్గర కూర్చుని "తినరా నాయనా" అని బతిమాలేవాడు. ఒక్కసారిగా ఆపలేదు. వారాల తరబడి పండ్లు తగ్గిస్తూ బీన్స్, సొరకాయ, తోటకూర కాడలు, రావి కొమ్మలు పెంచాం. తర్వాత్తర్వాత అదే కోతి రావి కొమ్మ అందుకుని ఆకులు తెంపి, బెరడు ఒలిచి, వెనక పళ్ళతో పరపరా నమిలి పీచు ఉమ్మేసేది. పంటి మీది పాచి పోవాలంటే ఆ నమలడమే కావాలి. ముక్కలు కోసి పెడితే బుగ్గసంచుల్లో కుక్కుకుంటాయి, నమలడం తగ్గిపోతుంది. అందుకే కాయలు కోయకుండా ఇవ్వండి.

అన్ని జాతులకూ ఒకే తిండి కుదరదు. స్లో లోరిస్‌కు (రాత్రిపూట తిరిగే, కోతులకు దూరపు చుట్టమైన చిన్న జంతువు) అడవిలో చెట్ల జిగురు ముఖ్యం. బోనులో జిగురు తగ్గి పండ్లు పెరిగితే పళ్ళ జబ్బులు ఎక్కువవుతాయి. దానికి తుమ్మజిగురు ఇవ్వాలి. ఆకులు తినే కొండముచ్చుకు తీపి ఎక్కువైతే ముందు పొట్టే చెడుతుంది.

గట్టి బిస్కెట్టో ఎముకో కొరికితే గార రాలిపోతుందని ఎవరు పుట్టించారో గానీ, దాన్ని నమ్ముకోవద్దు. ఎముకతో పన్ను విరగడమే మిగులుతుంది. పట్టిన గారను మత్తిచ్చి స్కేలర్‌తోనే (గార గీకే పరికరం) తీయాలి. తిండి మార్చి కొత్తది పట్టడాన్ని తగ్గించగలం, అంతవరకే. కోతి నోరు కంపు కొట్టడం మామూలే అనేది కూడా నిజం కాదు. మత్తంటే భయపడకండి, పరీక్షలన్నీ చేసుకునే ఇస్తాం. పంటి వేరులో చీము అంతకంటే ప్రమాదం.

ఒకవైపే నములుతున్నా, నోట్లోది జారవిడుస్తున్నా, కంటి కింద వాపు కనిపించినా తిండి మార్చి చూద్దామని ఆగొద్దు. ఆ రోజే డాక్టరుకు చెప్పండి.