తొట్టి రంగు చేపకి పట్టదా? అపోహలు - వాస్తవాలు

కంకిపాడు, ఉయ్యూరు వైపు తొట్లలో తిలాపియానో కొర్రమీనునో పెంచాలనుకునేవాళ్లు బెజవాడకొచ్చి టార్పాలిన్ కొనేటప్పుడు మందం అడుగుతారు, గ్యారంటీ అడుగుతారు. రంగు దగ్గరికొచ్చేసరికి షాపులో ఏది ఉంటే అదే. నెలల తరబడి ఆ గోడల మధ్యే బతకాల్సింది చేప కాబట్టి ఈ నాలుగు మాటలు.

అపోహ: చేపకి రంగులు తెలియవు.

తెలుస్తాయి. గోల్డ్‌ఫిష్ కంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు అతినీలలోహిత కాంతిని పట్టే కణాలు కూడా ఉన్నాయి. మన శీలావతి, బొచ్చెలది కూడా ఆ కార్పు కుటుంబమే.

అపోహ: తెల్ల తొట్టి శుభ్రం, చేపపిల్లకు మంచిది.

మిగిలిన మేత, చచ్చిన పిల్ల మనకు వెంటనే కనబడతాయి. తెల్ల తొట్టితో వచ్చే లాభం అంతవరకే. కొత్తగా మేతకు అలవాటుపడే పిల్ల ఆర్టీమియాను (మేతగా వేసే, రొయ్య జాతి సన్నటి పురుగు) కంటితో చూసి పట్టుకుంటుంది. ముదురు గోడ ముందు ఆ పురుగు స్పష్టంగా కనబడుతుంది, తెల్లగోడ ముందు కలిసిపోతుంది. పైగా చాలా జాతుల పిల్లలు వెలుతురు కొట్టే గోడకే మూతి ఆనించి ఈదుతూ మేత వదిలేస్తాయి. గోడలు ముదురుగా, అడుగు లేతగా ఉంచి, దీపం సరిగ్గా తొట్టి మధ్యన పైనుంచి పడనివ్వండి. మేత వేసిన అరగంటకు పది పిల్లల్ని గాజు గ్లాసులోకి తీసి భూతద్దంతో చూడండి. తిన్నవాటి పొట్ట నారింజ రంగులో మెరుస్తుంది. సగానికి సగం పొట్టలు ఖాళీగా కనిపిస్తే మేత పెంచే ముందు గోడ సంగతి చూడాలి.

అపోహ: చేప నల్లబడితే జబ్బే.

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అవసరం లేని మందులూ ఇక్కడే పడతాయి. తెల్లటి చోట చేప ఒంట్లో మెలనిన్ కాన్సెంట్రేటింగ్ హార్మోన్ పెరుగుతుంది. దాంతో చర్మకణాల్లోని నల్ల రేణువులు మధ్యకు ముడుచుకుని చేప పాలిపోతుంది. నల్లటి చోట ఆ రేణువులు పరుచుకుంటాయి. అందుకే నల్ల తొట్టిలోకి మార్చాక అన్నీ ఒకేలా ముదిరితే కంగారు పడక్కర్లేదు.

తొట్టి మార్చకుండానే అన్నీ ఒక్కసారి నల్లబడితే మాత్రం ఆక్సిజన్, అమ్మోనియా వెంటనే కొలవాలి. ఇక తిలాపియాలో మూడో నాలుగో మాత్రమే నల్లగా కనిపిస్తే, అవి చాలావరకు పోట్లాటలో ఓడినవి. వాటి కన్ను కూడా నల్లబడుతుంది. తోక అంచు కొరికినట్టు చిరిగి ఉంటుంది. పైపైన ఓ మూల నిలబడి, మిగతావి తిన్నాకగాని మేతకు రావు. మందు వేస్తే వీటి కష్టం తీరదు. సైజు వారీగా వేరుచేయండి, మేతను మూడు నాలుగు చోట్ల చల్లండి.

అపోహ: నీలం వేస్తే చేప ప్రశాంతంగా ఉంటుంది.

నీలి కాంతిలో ఉంచిన నైలు తిలాపియాలో ఒత్తిడి పెట్టినా కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) పెరగలేదని బ్రెజిల్ పరిశోధకులు 2001లో ప్రచురించారు. అది కాంతి గురించిన మాట, టార్పాలిన్ గురించి కాదు. తిలాపియాలో చూసినదాన్ని కొర్రమీనుకు అంటగట్టడమూ సరికాదు. కొర్రమీనుకు రంగు కన్నా చాటు ముఖ్యం. నీటిపై మూడోవంతు గుర్రపుడెక్క వదిలి, ఎగిరి బయటపడకుండా వల కట్టాలి.

అపోహ: నల్ల తొట్టి ఎండాకాలం చేపను ఉడికిస్తుంది.

సగం నిజం. నీరు తేటగా ఉంటే నల్లటి అడుగు ఎక్కువ వేడి పీల్చుకుంటుంది. కానీ ఎండ నేరుగా పడితే ఏ రంగు తొట్టయినా వేడెక్కుతుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 35 దగ్గర 7 కూడా ఉండదు. కాబట్టి రంగు మార్చేకంటే షేడ్ నెట్ కట్టండి, పడమటి పక్కన పరదా దించండి.

బయోఫ్లాక్ అంటే సూక్ష్మజీవుల ముద్దల్ని తొట్టి నీటిలోనే పెంచే పద్ధతి. అందులో ఆ ముద్దలు బాగా చిక్కబడ్డాక గోడ చేపకి సరిగ్గా కనపడదు. అప్పుడు రంగు కోసం షీటు మార్చడం డబ్బు దండగ.

రంగు పరీక్షించాలంటే ఒక్కో రంగుకు రెండేసి తొట్లు పెట్టండి. పిల్ల ఒకే బ్యాచ్‌ది కావాలి, రెండు రంగుల తొట్లు ఒకటి విడిచి ఒకటి ఉండాలి, లేకపోతే ఎండ తేడాను రంగు తేడా అనుకుంటాం. మూడు వారాలయ్యాక తొట్టికి 30 చేపల్ని విడివిడిగా తూచి, సగటుతో పాటు పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా కూడా రాసుకోండి. సిమెంటు తొట్టికి ఎపాక్సీ పెయింట్ వేస్తే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనిచ్చి, రెండుసార్లు నీళ్లు నింపి వదిలేసి, ముందు పది చేపలే వేసి రెండు రోజులు చూడండి.