అన్ని కబుర్లూ ఒక్క యాప్‌లోకే ఎలా చేరాయి?

2021 అక్టోబరు 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయింది. దాని యజమాని ఫేస్‌బుక్ తన రూటర్ల అమరికలో చేసిన మార్పు బెడిసికొట్టి, దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా అదే పరిస్థితి. కోనసీమలో గల్ఫ్ నుంచి వీడియో కాల్ వచ్చే వేళ అది. భీమవరం వైపు రొయ్యల కౌంట్ (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరలు, వరదల్లో ధవళేశ్వరం నీటిమట్టం, పెళ్లి శుభలేఖలు అన్నీ అందులోనే తిరుగుతాయి. ఇంత బరువు ఒక్క కంపెనీ మీద పడటానికి పాత కారణాలున్నాయి.

1973లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థలో టాకోమాటిక్ అనే చాటింగ్ ప్రోగ్రాం వచ్చింది. అవతలివాళ్లు కొట్టే ఒక్కో అక్షరం అప్పటికప్పుడే తెర మీద కనబడేది. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికరినెన్ ఇంటర్నెట్‌లో గుంపుగా మాట్లాడుకునే ఐఆర్‌సీ అనే ప్రోగ్రాం రాశాడు. 1996లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఐసీక్యూ అనే మెసెంజర్, మనవాళ్లలో ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూపించి జనాన్ని పట్టేసింది. ఆ తర్వాత మన నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కూర్చున్న కుర్రాళ్లకు చాటింగ్ అంటే యాహూ మెసెంజరే.

అసలు తగువు 1999లో మొదలైంది. మైక్రోసాఫ్ట్ తన మెసెంజర్ నుంచి అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ మెసెంజర్ వాడేవాళ్లతోనూ మాట్లాడే వీలు పెట్టింది. ఏఓఎల్ మూసేసింది. వీళ్లు మళ్లీ దారి వెతకడం, వాళ్లు మళ్లీ మూయడం... చివరికి మైక్రోసాఫ్టే తగ్గింది. ఈమెయిల్ ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకైనా పోతుంది. మెసెంజర్లకు ఆ యోగం పట్టలేదు. ఆ ఏడే జెరెమీ మిల్లర్ అనే ప్రోగ్రామర్, ఏ కంపెనీ అయినా వాడుకోగల జాబర్ అనే సందేశాల పద్ధతిని బయటపెట్టాడు. 2005లో గూగుల్ టాక్ ఆ పద్ధతినే ఎత్తుకుంది. 2009లో పుట్టిన వాట్సాప్ కూడా దాన్నే తనకు తగ్గట్టు మార్చుకుంది గానీ, బయటివాళ్లకు తలుపు తీయలేదు. నా దృష్టిలో అసలు మలుపు అదే.

మనవాళ్లకు అప్పట్లో అది పట్టలేదు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఫోన్ నంబరుంటే చాలు. పండగ రోజు ఎస్ఎంఎస్‌కు అదనంగా కోసేవారు. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకు 100 అని పరిమితి కూడా పెట్టింది. 2013లో వాయిస్ మెసేజీలు రావడంతో అక్షరం ముక్క రాని అమ్మమ్మకూ దారి దొరికింది. మరుసటి ఏడాది ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2016లో జియో డేటా వచ్చాక చెరువు గట్టు మీద కూడా గ్రూపులు వెలిశాయి.

2024 మార్చి నుంచి ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం, అడిగిన ఇతర యాప్‌లకు వాట్సాప్ దారి ఇవ్వాలి. ఆ చట్టం అక్కడివాళ్లకే. భీమవరం రైతు వేరే యాప్‌కు మారాలంటే ధరలు పంపే గ్రూపు మొత్తం అతనితో కదలాలి.