బాలింతకూ కల్లు మానినోడికీ ఒకే స్టెబిలైజర్

డిప్రెషన్ ఆడవాళ్లలో మగవాళ్లకంటే దాదాపు రెండింతలు. చిన్నపిల్లల్లో ఈ తేడా కనబడదు, ఈడొచ్చాక మొదలవుతుంది. ఇంటి బరువు, హింస, పేదరికం కూడా కారణాలే. కానీ "అంతా హార్మోన్లే" అని తేల్చేసే పాఠాలు, ఏ హార్మోను ఎక్కడ పనిచేస్తుందో చెప్పకుండానే ముగుస్తాయి.

ఒకప్పుడు టీవీ పక్కన చేత్తో తిప్పే స్టెబిలైజర్ ఉండేది. వోల్టేజీ పెరిగితే నాబ్ కిందికి తిప్పేవాళ్లు. కరెంటు ఉన్నట్టుండి పడిపోతే, మళ్లీ పైకి తిప్పేదాకా టీవీలో బొమ్మ మినుకుమినుకే. మెదడులో నరాల జోరు తగ్గించే గాబా-ఏ గ్రాహకాలు అలాంటివే. గర్భాన్ని నిలిపే హార్మోను ప్రొజెస్టిరాన్. దాని నుంచి పుట్టే అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థం వాటికి వోల్టేజీ. నెలలు నిండేసరికి ప్రొజెస్టిరాన్ మామూలు నెలసరిలో చేరే గరిష్ఠానికి సుమారు పది రెట్లు ఉంటుంది. మెదడు నాబ్ కిందికి తిప్పుకుంటుంది, అంటే గ్రాహకాలు తగ్గుతాయి (ఇది ఎలుకల్లో చూసిన సంగతి). మాయ పడ్డాక కొద్దిరోజుల్లోనే హార్మోను అడుగంటుతుంది. నాబ్ మాత్రం ఇంకా కిందే ఉంటుంది.

మూడో నాలుగో రోజున బాలింతకు ఊరికే ఏడుపొస్తే చాలామందికి రెండు వారాల్లో పోతుంది. పోకపోతే అది కాన్పు తర్వాత డిప్రెషన్ అనే జబ్బు. హార్మోను పడిపోవడం అందరికీ ఒకటే, నాబ్ ఇరుక్కునేది కొందరికే. 2000లో అమెరికాలో పదహారు మంది ఆడవాళ్లకు హార్మోన్లు ఇచ్చి ఒక్కసారిగా ఆపారు. ఇదివరకు కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చిన ఎనిమిది మందిలో ఐదుగురు కుంగిపోయారు. అది రాని ఎనిమిది మందిలో ఒక్కరూ కుంగలేదు. "గాలి సోకింది" అని తాయెత్తు కడితే నాబ్ తిరగదు. రాత్రంతా నిద్ర లేకుండా ఏవో మాటలు వినిపిస్తున్నాయంటే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకపోవాలె.

ఆ వోల్టేజీనే బయటినుంచి ఇచ్చే జురానోలోన్ అనే గోలీకి 2023లో అమెరికా అనుమతిచ్చింది: రాత్రిపూట 50 మిల్లీగ్రాములు, కొవ్వున్న తిండితో, 14 రోజులు. ఇక్కడ ఎక్కువగా రాసేది సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ గోలీ. పాలల్లోకి చాలా తక్కువ దిగుతుంది. 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, తొలివారం వికారం ఉంటుంది. గుణం కనబడాలంటే రెండు నుంచి నాలుగు వారాలు. బాగయ్యాక కనీసం ఆరు నెలలు వాడాలి. "మంచిగైంది" అని రెండో నెలలోనే ఆపేయడం వల్లే చాలామందికి తిరగబెడుతుంది.

మగవాళ్ల సంగతి వేరు. ఏడవరు, కోపం చేస్తరు, తాగుతరు. మన దేశంలో ఆత్మహత్యల్లో మూడింట రెండొంతులకు మించి వాళ్లే. మందూ, కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలమ్ అనే మత్తుగోలీ కూడా ఇదే నాబ్‌ను కిందికి తిప్పుతాయి. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు ఆగగానే వణుకుతో, ఫిట్స్‌తో ఎందరో ఆస్పత్రుల పాలైంది అందుకే. కనుక ఒక్కసారిగా మానిపించొద్దు, డాక్టర్ చూపులో మానిపించాలి. తాగుడు వల్ల వచ్చిన కుంగుబాటైతే మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తేలికవుతుంది. అప్పటికీ ఉంటే గోలీలు అవసరమా చూస్తారు. సెర్ట్రలిన్‌తో వీర్యం పడడం ఆలస్యమవుతుంది, అది చెప్పుకోలేక చప్పుడు చేయకుండా మానేసే మగవాళ్లు ఉంటరు. డాక్టరుకు చెబితే గోలీ మార్చొచ్చు, మోతాదు తగ్గించొచ్చు.

"బాధగా ఉందా?" అంటే లేదనే అంటడు. నిద్ర ఎన్ని గంటలు, సీసాలు ఎన్ని, చేను మందు డబ్బా ఎక్కడ పెట్టినవ్ అని అడగాలె. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోను సాయం టెలీ మానస్, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.