స్వరపేటిక మిగిలితే సరిపోతుందా? గొంతు క్యాన్సర్ చికిత్సలో నూటయాభై ఏళ్ల వాదన

స్వరపేటిక క్యాన్సర్ ముదిరిందని తేలిన మనిషి ఇద్దరు డాక్టర్ల దగ్గరకు వెళితే రెండు రకాల సలహాలు వినవచ్చు. ఆపరేషన్ చేసి స్వరపేటికను పూర్తిగా తీసేయాలని ఒకరంటారు. కోత అక్కర్లేదు, రేడియేషన్‌తో పాటు కీమోథెరపీ ఇస్తే గొంతు దక్కుతుందని మరొకరంటారు. ఇంటిల్లిపాదీ అయోమయంలో పడతారు. తీసేస్తే మాట పోతుందన్న భయం ఒక పక్క, ఉంచితే ప్రాణం మీదకు వస్తుందేమోనన్న భయం మరో పక్క. ఇద్దరు డాక్టర్లకూ పరిశోధనల బలం ఉంది. అయితే ఆ పరిశోధనల్లో దేన్ని విజయంగా లెక్కించారన్నది రోగికి చెప్పేవారు తక్కువ. ఈ గందరగోళానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

క్యాన్సర్ కోసం స్వరపేటికను మొత్తంగా తీసేసిన తొలి ఆపరేషన్ 1873 డిసెంబరు 31న వియన్నాలో జరిగింది. చేసినవారు థియోడోర్ బిల్‌రోత్. రోగి కోలుకున్నాడు. బిల్‌రోత్ శిష్యుడు గుస్సెన్‌బావర్ అతనికి కృత్రిమ స్వరపేటికను కూడా తయారుచేసి అమర్చాడు. అంటే గొంతు తీసిన మనిషికి మాట తిరిగి ఇవ్వాలన్న ఆలోచన ఈ ఆపరేషన్‌తో పాటే పుట్టింది. కానీ కొద్ది నెలలకే క్యాన్సర్ తిరగబెట్టి ఆ రోగి మరణించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఈ ఆపరేషన్ అంటే వైద్యులే జంకేవారు. ఇన్ఫెక్షన్ వల్లనో, ఊపిరితిత్తుల్లోకి స్రావాలు దిగడం వల్లనో ఎందరో రోగులు ఆపరేషన్ తర్వాత బతికి బట్టకట్టలేదు.

ఆ జంకు ఎంతటిదో జర్మన్ యువరాజు ఫ్రెడరిక్ ఉదంతం చెబుతుంది. 1887లో ఆయన గొంతు బొంగురుపోయింది. జర్మన్ వైద్యులు క్యాన్సరేనని అనుమానించి కోతకు సిద్ధమయ్యారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన గొంతు వైద్యుడు మోరెల్ మెకంజీ కణితి ముక్క తీసి పరీక్షకు పంపగా, రుడాల్ఫ్ విర్కోవ్ అంతటి కణజాల పరీక్షల నిపుణుడికి అందులో క్యాన్సర్ కనిపించలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. 1888 ఫిబ్రవరిలో ఊపిరాడక మెడకు రంధ్రం చేయాల్సి వచ్చింది. మార్చిలో చక్రవర్తి అయ్యేనాటికి ఆయనకు మాట లేదు, చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి చూపేవారు. 99 రోజులు పాలించి జూన్ 15న కన్నుమూశారు. తప్పు ఎవరిదన్న గొడవ రెండు దేశాల వైద్యుల మధ్య చాలాకాలం నడిచింది.

కత్తి పట్టకుండా నయం చేసే దారి 1920ల్లో ప్యారిస్‌లో తెరుచుకుంది. రేడియేషన్‌ను ఒకేసారి కాకుండా రోజుకు కొంత చొప్పున కొన్ని వారాలపాటు ఇస్తే, చుట్టూ ఉన్న కణజాలం తట్టుకుంటుందని, క్యాన్సర్ మాత్రం కరుగుతుందని ఆంరి కూటార్ అనే వైద్యుడు స్వరపేటిక రోగుల్లోనే చూపించారు. జనం ‘కరెంటు పెట్టడం’ అని చెప్పుకునే చికిత్సను నేటికీ రోజువారీ మోతాదుల్లో ఇస్తున్నది ఆ పద్ధతిలోనే. తొలి దశలో, అంటే స్వరతంత్రికి మాత్రమే పరిమితమైన చిన్న కణితి విషయంలో వాదన అప్పుడే చాలావరకు తీరింది. రేడియేషన్‌తోనైనా, తర్వాత వచ్చిన లేజర్ సర్జరీతోనైనా ఇలాంటివారిలో పదింట తొమ్మిది వంతుల మందికి నయమవుతుంది, మాట కూడా మిగులుతుంది. చిక్కంతా ముదిరిన కణితులతోనే.

ముదిరిన దశలో చాలాకాలం ఒకటే మాట: తీసేయండి, ఆపైన రేడియేషన్ ఇవ్వండి. 1981లో మెక్‌నీల్ బృందం ఒక చిన్న అధ్యయనం చేసింది. ఆరోగ్యంగా ఉన్న 37 మందిని, అగ్నిమాపక సిబ్బందినీ కంపెనీ అధికారులనూ, ఒక ప్రశ్న అడిగారు: ఆయుష్షు కొంత తగ్గినా సరే, మాట దక్కే చికిత్సను ఎంచుకుంటారా? ఐదుగురిలో ఒకరు అవునన్నారు. ఎన్నేళ్లు బతికారన్న ఒక్క లెక్కతోనే చికిత్సను కొలవడం చాలదని ఇంత సూటిగా చెప్పిన పరిశోధన మరొకటి నాకు కనబడదు. సంఖ్య చిన్నదే, కానీ అడిగిన ప్రశ్న సరైనది.

పదేళ్ల తర్వాత, 1991లో, అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం వెలువడింది. మూడు, నాలుగు దశల్లో ఉన్న 332 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, తర్వాత రేడియేషన్. రెండో జట్టుకు ముందు సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ మందులతో రెండు విడతల కీమో. కణితి తగ్గినవారికి మూడో విడత కీమో ఇచ్చి రేడియేషన్‌కు పంపారు, తగ్గనివారికి ఆపరేషన్ చేశారు. రెండేళ్లకు బతికి ఉన్నవారు రెండు జట్లలోనూ సమానంగా 68 శాతం. కీమో జట్టులో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. ప్రాణానికి నష్టం లేకుండా గొంతు మిగలడం పెద్ద వార్త అయింది, అది సబబే.

అదే అధ్యయనంలో అంతగా ప్రచారం పొందని అంకె ఇంకొకటి ఉంది. కణితి బాగా ముదిరి టీ4 స్థాయికి, అంటే స్వరపేటిక గోడలోని మృదులాస్థిని (మెత్తని ఎముకను) ఛేదించి బయటికి పాకే దశకు, చేరినవారిలో 56 శాతం మందికి చివరకు స్వరపేటిక తీయక తప్పలేదు. అంతకంటే చిన్న కణితులున్నవారిలో అది 29 శాతం. అంటే ఏ రోగికి ఈ దారి పనికొస్తుందో, ఎవరికి రాదో మొదటి అధ్యయనంలోనే గీత కనబడింది. ఆ గీతను ఆనాడే అందరూ గట్టిగా పట్టుకుని ఉంటే తర్వాతి చరిత్ర కొంత వేరుగా ఉండేది.

తర్వాతిది అమెరికాలోని రేడియేషన్ చికిత్స పరిశోధక బృందం ఆర్‌టీఓజీ 2003లో ఫలితాలు ప్రకటించిన ‘91-11’ అధ్యయనం. ఇందులో మూడు జట్లు: కీమో తర్వాత రేడియేషన్, రెండూ కలిపి ఒకేసారి, ఒట్టి రేడియేషన్. రెండేళ్లకు స్వరపేటిక మిగిలినవారు కలిపి ఇచ్చిన జట్టులో 88 శాతం, కీమో ముందు ఇచ్చిన జట్టులో 75, ఒట్టి రేడియేషన్ జట్టులో 70. దాంతో కలిపి ఇవ్వడమే ప్రామాణికం అయిపోయింది. కణితి మృదులాస్థిని ఛేదించినవారిని, నాలుక మొదట్లోకి సెంటీమీటరుకు మించి పాకినవారిని ఈ అధ్యయనంలో చేర్చుకోలేదు. ఫలితాన్ని మాత్రం చాలాచోట్ల అలాంటివారికీ వర్తింపజేశారు.

2013లో పదేళ్ల ఫలితాలు వచ్చాయి. స్వరపేటిక మిగలడంలో కలిపి ఇచ్చిన జట్టే ముందుంది. కానీ స్వరపేటిక క్యాన్సర్‌తో సంబంధం లేదని భావించిన కారణాల వల్ల చనిపోయినవారు ఆ జట్టులో 30.8 శాతం, కీమో ముందు ఇచ్చినవారిలో 20.8, ఒట్టి రేడియేషన్‌లో 16.9. మొత్తం మీద బతికి ఉన్నవారి సంఖ్యలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇతర మరణాలు ఎందుకు పెరిగాయో అధ్యయనం తేల్చలేకపోయింది. చికిత్స ఆలస్యంగా చేసిన హాని కావచ్చన్న అనుమానం మాత్రం వైద్యుల్లో బలపడింది.

ఆ హాని ఎలా ఉంటుందో తెలియాలంటే ఇలాంటి రోగి అన్నం తినేటప్పుడు చూడాలి. స్వరపేటిక అంటే మాట పలికించేదే కాదు, మింగేటప్పుడు పైకి లేచి మూసుకుని మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడే తలుపు కూడా. రేడియేషన్ తర్వాత అది బిగుసుకుపోతే ఆ తలుపు సరిగా మూసుకోదు. నీళ్లు తాగినా పొలమారుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, లోపలికి దిగినట్టే తెలియదు, న్యుమోనియా వచ్చాకే బయటపడుతుంది. కొందరు జీవితాంతం పొట్టకు వేసిన గొట్టంతోనే ఆహారం తీసుకుంటారు. ఇలాంటివారి పేరు కూడా అధ్యయనంలో ‘స్వరపేటిక దక్కింది’ అన్న గడిలోనే పడింది!

2006లో మరో కలవరం. అమెరికా జాతీయ క్యాన్సర్ సమాచారనిధిలోని లక్షన్నరకు పైగా కేసులను హాఫ్‌మన్ బృందం పరిశీలిస్తే, 1980ల మధ్య నుంచి 1990ల మధ్యకు వచ్చేసరికి స్వరపేటిక క్యాన్సర్ రోగుల మనుగడ తగ్గినట్టు కనబడింది. ఆపరేషన్లు తగ్గి రేడియేషన్, కీమో పెరిగిన కాలం కూడా అదే. ఇది లాటరీ వేసి చేసిన పరీక్ష కాదు కాబట్టి దీన్నిబట్టే కారణం తేల్చలేం. అయినా మృదులాస్థిని దాటి బయటికి పాకిన కణితికి ఆపరేషనే మేలన్న మాట మళ్లీ బలం పుంజుకుంది, అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం మార్గదర్శకాలు కూడా ఆ దిశగానే ఉన్నాయి. 2009లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం కొలబద్దనే మార్చమంది: స్వరపేటిక ఉందా అని కాదు, మెడలో రంధ్రం గానీ పొట్టలో గొట్టం గానీ లేకుండా మనిషి బతుకుతున్నాడా అని లెక్కించమంది. ఇంత సులువైన ప్రశ్న అడగడానికి అన్నేళ్లు పట్టడం బాధాకరం.

ఈలోగా ఆపరేషన్ అంటే మూగతనమన్న మాట పాతబడింది. ఇండియానాపోలిస్‌లో సర్జన్ మార్క్ సింగర్, మాట చికిత్స నిపుణుడు ఎరిక్ బ్లోమ్ 1980లో ప్రచురించిన పద్ధతి దాన్ని మార్చింది. శ్వాసనాళానికీ ఆహారనాళానికీ మధ్య చిన్న రంధ్రం చేసి, ఒకవైపే తెరుచుకునే సిలికాన్ కవాటం పెడతారు. మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసి గాలి వదిలితే అది కవాటం గుండా ఆహారనాళంలోకి వెళ్లి అక్కడి గోడను కంపింపజేస్తుంది. ఆ కంపనాన్నే పెదవులు, నాలుక మాటలుగా మలుస్తాయి. గొంతు గరగరలాడుతుంది, పాట పాడలేరు, కానీ ఫోనులో మాట్లాడగలరు.

మన దగ్గర బీడీ, సిగరెట్, వాటికి తోడు మద్యం ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణాలు. బొంగురు గొంతు మూడు వారాలు దాటినా జలుబేననుకుని ఊరుకుని, ఊపిరాడనప్పుడు వచ్చేవారు చాలామంది. అంటే మన రోగుల్లో చాలామంది, ఆర్‌టీఓజీ అధ్యయనం చేర్చుకోని తరహావారే. పైగా సిస్‌ప్లాటిన్ తట్టుకోవాలంటే మూత్రపిండాలు బాగుండాలి, ఒంట్లో సత్తువ ఉండాలి. ఏడు వారాల రేడియేషన్ మధ్యలో ఆపకూడదు, కూలి మానుకుని నగరంలో అన్నాళ్లు ఉండగలగాలి. ఆ తర్వాత కూడా తిరగబెడితే వెంటనే పట్టుకునేలా క్రమం తప్పకుండా పరీక్షలకు రావాలి. స్వరపేటిక ఉంచాలన్న నిర్ణయంలో ఇవన్నీ భాగమే.

ఆపరేషన్ చేయించుకున్నవారికి దిగుమతి కవాటం ధర వేలల్లో ఉండేది, కొన్ని నెలలకోసారి మార్చుకోవాలి. బెంగళూరు సర్జన్ విశాల్ రావు ‘ఓం’ పేరిట సుమారు 50 రూపాయల ఖర్చుతో తయారయ్యే కవాటాన్ని రూపొందించారు. ఆపరేషనా, రేడియేషనా అని తేల్చుకునే రోజునే దీని గురించీ, మాట నేర్పే నిపుణుల గురించీ రోగికి చెప్పాలి. మాట పోతుందన్న భయంతోనే ఆపరేషన్ వద్దనేవారు చాలామంది ఉంటారు కాబట్టి.